రాలిపోతున్న ఇటుక గోడలో స్విచ్ బాక్స్: ఏ పద్ధతికి పట్టు ఎక్కువ?

నమస్కారం. ముందు ఈ సాకెట్ చూడండి. ప్లగ్ లాగుతున్నాను... చూశారా, ప్లగ్‌తో పాటు ప్లేటు, ప్లేటుతో పాటు వెనకాల బాక్స్, అన్నీ ముందుకు వచ్చేశాయి. కింద ఇటుక పొడి. ఇలా అయినప్పుడు చాలామంది ప్లేటు స్క్రూలు ఇంకాస్త బిగిస్తారు. దానివల్ల ప్లేటు బాక్స్‌కి బిగుస్తుంది అంతే, బాక్స్ గోడకి బిగియదు. అది కదిలినప్పుడల్లా వైర్లూ కదులుతాయి. టెర్మినల్ దగ్గర, అంటే సాకెట్‌కి వైరు బిగించే చోట, పట్టు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. నాకు ఈ విషయంలోనే టెన్షన్.

అందుకే ఒకే పాత గోడలో నాలుగు బాక్సులు నాలుగు రకాలుగా పెట్టి చూశాను. పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేశాను. టెస్టర్‌ని మొదట కరెంట్ ఉన్న చోట పెట్టి, వెలుగుతోందో లేదో చూసుకున్నాకే ఇక్కడ వాడాను. మీరూ అలాగే చేయండి.

మొదటిది రావల్ ప్లగ్, స్క్రూ. రావల్ ప్లగ్ అంటే స్క్రూ పట్టడానికి గోడ రంధ్రంలో దూర్చే చిన్న ప్లాస్టిక్ గొట్టం. ఈ ప్లగ్ లోపల విచ్చుకుని, చుట్టూ ఉన్న ఇటుకను నొక్కుతూ నిలబడుతుంది. ఇటుకే మెత్తగా ఉంటే దేన్ని నొక్కుతుంది? నాది స్క్రూతో పాటే గిర్రున తిరిగింది. హ్యామర్ మోడ్‌లో డ్రిల్ చేస్తే 6 మిల్లీమీటర్ల రంధ్రం కాస్తా పెద్ద గొయ్యి అవుతుంది. హ్యామర్ ఆపి, మామూలుగా తిప్పుతూ చేస్తే కొంత నయం.

రెండోది ఫోమ్, డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే నురగ. కొట్టడం సులువు, కానీ ఆరాక బొటనవేలితో నొక్కితే బాక్స్ లోపలికి దిగుతోంది. పైగా ఉబ్బేటప్పుడు బాక్స్‌ని బయటికి నెట్టింది. సాకెట్‌కి నేను అస్సలు వాడను.

మూడోది పీవోపీ, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కొద్ది నిమిషాల్లోనే బిగుస్తుంది, పని శుభ్రంగా ఉంటుంది. గోడ పొడిగా ఉండి, పెట్టేది లైటు స్విచ్ అయితే పర్వాలేదు. స్విచ్‌ని లోపలికి నొక్కుతాం, సాకెట్ నుంచి ప్లగ్‌ని బయటికి లాగుతాం. గోడ మీద పడే బలం వేరు. చెమ్మ తగిలే గోడలో మాత్రం పీవోపీ మెత్తబడుతుంది, ఇనుప బాక్స్ తుప్పు పడుతుంది.

నాలుగోది సిమెంట్ మాలు. నేను గెలిపించేది దీన్నే. అయితే మాలు పెట్టడం కంటే ముందు చేసే పనే ముఖ్యం. వేలితో గీస్తే రాలిపోయేదంతా తీసేయాలి. గొయ్యి పెద్దదవుతుందని భయపడొద్దు, బాక్స్ చుట్టూ 10 మిల్లీమీటర్ల దాకా ఖాళీ ఉంటేనే మాలుకి చోటు దొరుకుతుంది. లోపలి వైపు కాస్త వెడల్పుగా చెక్కితే ఇంకా మంచిది, గట్టిపడిన మాలు బయటికి ఊడి రాదు. బ్రష్‌తో దుమ్ము దులిపి, నీళ్ళు చల్లి ఇటుకను బాగా తడపండి. పొడి ఇటుక మాలులోని నీళ్ళు లాగేస్తుంది, అప్పుడు సిమెంట్ సరిగ్గా గట్టిపడదు.

ఒక వంతు సిమెంట్, మూడు వంతుల ఇసుక, ముద్ద కట్టేంత నీళ్ళు. బాక్స్ వెనక రంధ్రాల్లోంచి రెండు మూడు పొట్టి స్క్రూలు బయటికి పొడుచుకొచ్చేలా పెట్టండి. అవి మాలులో వేళ్ళలా దిగుతాయి. ప్లాస్టిక్ బాక్స్ నున్నగా ఉంటుంది కాబట్టి బయటి వైపు బ్లేడుతో గీతలు కూడా పెట్టాలి. వైర్ల పైపులు ముందే బాక్స్‌లోకి తెచ్చి, స్క్రూలు పట్టే చెవులకు, లోపలి వైర్లకు టేప్ చుట్టండి. మాలులో నొక్కి, లెవెల్ చూసి, బాక్స్ అంచు ప్లాస్టర్‌తో సమానంగా వచ్చేలా సర్ది వదిలేయండి. కనీసం ఒక రోజు ముట్టుకోవద్దు, మధ్యమధ్య తడుపుతూ ఉండండి.

అంత చెక్కే వీలు లేని చోట రెజిన్ ఉంది. ఇది రెండు భాగాలు నాజిల్‌లో కలిసి గట్టిపడే జిగురు, స్క్రూ రంధ్రంలో నింపుతాం. మొదటి బాక్స్‌ని తర్వాత దీనితోనే మళ్ళీ పెట్టాను. రంధ్రంలో పొడి ఊది, బ్రష్ చేసి, మళ్ళీ ఊదాలి. నాజిల్ నుంచి మొదట వచ్చేది రెండు రంగుల చారలుగా ఉంటుంది, అది పారేయండి. రంగు ఒకేలా వచ్చాకే నింపండి. ఇటుక లోపల బోలుగా ఉంటే ముందు రంధ్రంలో జాలీ గొట్టం (వలలాంటి సన్న గొట్టం) దూర్చడం తప్పనిసరి, లేకపోతే రెజిన్ అంతా ఖాళీలోకి పోతుంది. ఎంతసేపు ఆగాలో ట్యూబ్ మీద ఉంటుంది, చలిలో ఎక్కువసేపు పడుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ పట్టు నిజంగా బాగుంది.

ఇప్పుడు మాలుతో పెట్టిన బాక్స్. ఇనుపది కాబట్టి ఎర్త్ వైరు బాక్స్‌కి కూడా బిగించాకే సాకెట్ ఎక్కించాను. ప్లగ్ పెట్టి గట్టిగా లాగుతున్నాను... ప్లగ్ ఒక్కటే వచ్చింది. చుట్టూ చూడండి, ఒక్క ఇసుక రేణువు కూడా రాలలేదు.