కచేరీ అయ్యాక ఓ అరగంట

సభకు వచ్చిన పెద్దలకూ మిత్రులకూ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘దక్షిణాదిలో కళలు, సంగీతం, స్నేహాలు’. ఇచ్చిన టైములో దక్షిణాది మొత్తం చుట్టి రావడం నా వల్ల కాదు. అందుకని ఎక్కువసేపు బెజవాడలోనే ఉంటాను. మధ్యలో మద్రాసు, చిలకలూరిపేట, తుమ్మపూడి వెళ్లొద్దాం.

ఉద్యోగం పేరుతో చాలాకాలం బయట ఉండి, ఈమధ్యే తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడ్డాను. వేరే ఊళ్లలో ఉన్న మిత్రులు ఫోన్ చేస్తే ముందు అడిగేది, మన దగ్గర ఇప్పుడు కచేరీలు జరుగుతున్నాయా అని. జరుగుతున్నాయండీ. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం ఉంది, గాంధీనగర్లో హనుమంతరాయ గ్రంథాలయం ఉంది, ఘంటసాల గారి పేరున్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గుంటూరు వెళితే బృందావన్ గార్డెన్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర ఏదో ఒక కార్యక్రమం ఉంటూనే ఉంటుంది. హాళ్లకు కొదవ లేదు. పాడేవాళ్లకు అసలే లేదు, ఇప్పటి పిల్లలు నిజంగా బాగా పాడుతున్నారు. నాకు వెలితిగా తోచింది ఒక్కటే. మంగళం పాడిన ఐదు నిమిషాలకు హాలు ఖాళీ. బయట పార్కింగులో హారన్లు. ఇవాళ కల్యాణి రాగం మీకెలా అనిపించిందండీ అని అడుగుదామంటే పక్క కుర్చీలో మనిషి ఉండడు.

ఇదీ ఒక విషయమేనా అనుకుంటారేమో. ఈ ఊరికి సంగీతంలో వచ్చిన పేరుకు కచేరీలు ఎంత కారణమో, వాటి చుట్టూ నడిచిన కబుర్లూ అంతే కారణమని నా నమ్మకం. కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు ఇక్కడ శిష్యులకు సంగీత పాఠం చెబుతున్న రోజులు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయనేమో త్యాగరాజ స్వామికి నేరుగా శిష్యుడు. 1938లో సుసర్లవారి ఆరాధనోత్సవాల్లో ఎనిమిదేళ్ల మురళీకృష్ణ చేత పంతులుగారు ఈ ఊళ్లో కచేరీ చేయించారు. ఆ పిల్లవాడి పేరుకు ముందు ‘బాల’ చేర్చింది పంతులుగారు కాదు. సభలో ఉన్న హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు. అంటే ముందు వరసలో కూర్చుని విన్న మనిషి పెట్టిన పేరు అది. మంగళంపల్లి వారిని లోకమంతా ఆ పేరుతోనే పిలిచింది. శ్రోత అంటే అంత పనిమంతుడన్నమాట.

ఆ తర్వాత పదేళ్లకు, 1948 డిసెంబర్ 1న, విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. భక్తిరంజని గురించి మీకు నేను చెప్పాలా? పొద్దున్నే ఇంటింటా మోగిన రామదాసు కీర్తనలు, తత్వాలు, ఆదివారం మధ్యాహ్నం రామాయణ భారతాలు చెప్పే ఉషశ్రీ గారి గొంతు, ఇవన్నీ మీలో చాలామందికి నాకంటే బాగా గుర్తు. నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ కేంద్రంలో నిలయ విద్వాంసులని ఉండేవారు. నెల జీతం మీద పాడేవాళ్లు, వాయించేవాళ్లు. ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, వయొలిన్ మీద అన్నవరపు రామస్వామి. బాలమురళి గారూ అక్కడ పనిచేసినవారే. బాలాంత్రపు రజనీకాంతరావు గారైతే కవీ ఆయనే, స్వరకర్తా ఆయనే, పైగా ఆఫీసరు. జీతం ఉంది కాబట్టి వీళ్లు ఊళ్లో ఉన్నారు. ఊళ్లో ఉన్నారు కాబట్టి కూరగాయల దగ్గరా రైల్వే స్టేషన్లోనూ కనబడేవారు. పాట రాసేవాడు, వరస కట్టేవాడు, పాడేవాడు ఒకే కప్పు కింద రోజూ ఎదురుపడుతుంటే పని ఎట్లా సాగుతుందో ఊహించుకోండి. ఇందులో మాట్లాడుకోవడానికి ఒక సభ, ఒక ఆహ్వానపత్రిక అక్కర్లేదు. తర్వాత తర్వాత ఒక్కొక్కరూ రిటైరవుతుంటే ఆ ఖాళీలు చాలావరకు భర్తీ కాలేదు. జీతాలు పోయాయని అందరూ బాధపడతారు. రోజూ ఎదురుపడటం పోయిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక చిలకలూరిపేట. మన నాదస్వరం గురించి కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. షేక్ చినమౌలానా సాహెబ్ ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్లి, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. పద్మశ్రీ వచ్చింది. ఆయన శిష్యులు కాలేషాబీ, మహబూబ్ సుభానీ దంపతులదీ అదే దారి, వాళ్లదీ శ్రీరంగమే. 2020 సంవత్సరానికి వాళ్లకు పద్మశ్రీ ప్రకటించారు. అన్నవరపు రామస్వామి గారికి ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఇంతటి వాద్యాన్ని మనం ఏం చేశాం? పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళకు గట్టిమేళం అంటాం, అక్షింతలు వేసేసి భోజనాల వైపు పరిగెడతాం. అటు తమిళదేశం గుళ్లలో ఉత్సవాలప్పుడు నాదస్వరం ఎదురుగా నిలబడి, రాగాలాపన సాగినంతసేపూ కదలకుండా వినే జనాన్ని నేను చూశాను. విద్వాంసుడికి పారితోషికం కావాలి, కాదనను. తను వాయించిన సంగతి అందిందని తల ఊపే మనిషి కూడా కావాలి.

మద్రాసు వాళ్లేదో మనకన్నా రసికులని కాదు. మృదంగం తని, అంటే మృదంగం ఒంటరిగా వాయించే వంతు, మొదలవగానే సగం హాలు లేచి కాంటీన్‌కు పోయే దురలవాటు వాళ్లది. కానీ డిసెంబర్ కచేరీల సీజన్లో ఆ కాంటీన్లో నిలబడి చూడండి. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేయి గాల్లో తాళం వేస్తూ, ముక్కూముఖం తెలియని ఇద్దరు తోడి రాగం మీద పోట్లాడుకుంటుంటారు. తెల్లారితే వాళ్లిద్దరూ స్నేహితులు.

సంగీతమే కాదు, బొమ్మల సంగతీ అంతే. ఇక్కణ్ణుంచి తెనాలి వెళ్లే వైపు, దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి ఉంది. సంజీవదేవ్ గారి ఊరు. వయసులో ఉండగా హిమాలయాల దాకా వెళ్లి నికొలస్ రోరిక్ అంతటి చిత్రకారుడితో పరిచయం చేసుకుని వచ్చిన మనిషి. తిరిగొచ్చి పల్లెలోనే ఉండిపోయారు. 1999లో పోయేదాకా బొమ్మలు వేస్తూ, వ్యాసాలు రాస్తూ, వచ్చినవాళ్లతో మాట్లాడుతూ గడిపారు. రాలేనివాళ్లకు ఉత్తరాలు. ఆ ఉత్తరాలు పుస్తకాలుగా అచ్చయ్యాయంటే ఎన్ని రాసి ఉంటారో చూడండి. ఒక గ్యాలరీ లేదు, ఒక అకాడమీ లేదు. ఒక ఇల్లు, ఒక మనిషి, పోస్టాఫీసు. చిత్రకళ మీద శ్రద్ధ ఉన్నవాళ్లు వెతుక్కుంటూ ఆ పల్లెకు వెళ్లేవారు.

ఇప్పుడు వాట్సాప్ ఉంది కదా అంటారు. ఉంది, నేనూ నాలుగు గ్రూపుల్లో ఉన్నాను. ఓలేటి గారి పాత రికార్డింగు ఒకటి ఎక్కడో దొరికితే నిమిషంలో అందరికీ చేరుతుంది. ఇది చిన్న మేలు కాదు. కాకపోతే కింద అందరూ దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. అందులో మోహన రాగం ఎందుకంత బాగుందో ఒక్కరూ రాయరు. నచ్చలేదని రాసే ధైర్యం అసలే ఎవరికీ లేదు.

జనం హాల్లోంచి పరిగెత్తడానికి అసలు కారణం నాకు తెలుసు. ఆరింటికన్న కచేరీ ఏడున్నరకు మొదలవుతుంది. మధ్యలో జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆ తర్వాత శాలువాలు. అప్పటికే వయొలిన్ శ్రుతి జారిపోయి ఉంటుంది. గుంటూరు, తెనాలి వెళ్లేవాళ్లకు బస్సు టెన్షన్. పెద్దవాళ్లకు మందుల టైము. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు.

అందుకని కార్యదర్శిగారికి నా మనవి. వచ్చే నెల కార్యక్రమంలో సన్మానం ఎత్తేయండి. మిగిలిన అరగంట చివర్లో ఇవ్వండి. మైకు ఆపేయించండి, లైట్లు మాత్రం ఉంచమని వాచ్‌మన్‌కు ముందే చెప్పండి, టీ ఖర్చు నేను పెట్టుకుంటాను. పాడినవాళ్లూ విన్నవాళ్లూ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుందాం. ఎవరైనా ‘అద్భుతం’ అని ఊరుకుంటే ఏది అద్భుతమో చెప్పేదాకా వదలొద్దు. బస్సు ఎక్కాల్సిన గుంటూరువాళ్లు ముందు మాట్లాడి వెళ్లిపోవచ్చు.