అరచెయ్యి పైకా, కిందికా?

శ్రోతలకు నమస్కారం.

మణికట్టు నొప్పితో వచ్చేవాళ్లు "తడి బట్టలు పిండలేకపోతున్నానండీ", "సీసా మూత తిరగడం లేదు" అంటుంటారు. అంటే నొప్పితో పాటు పట్టు కూడా తగ్గిందన్నమాట. ఎంత తగ్గిందో కొలిచే పరికరం పేరు డైనమోమీటర్. బిగించడానికి ఒక పిడి, పైన ముల్లు తిరిగే డయలు, అంతే.

కుర్చీలో కూర్చుని, మోచేతిని ఒంటికి ఆనించి 90 డిగ్రీలు వంచి, పిడిని గట్టిగా నొక్కాలి. మూడుసార్లు నొక్కించి సగటు చూస్తారు. కొందరు మగవాళ్లు దీన్ని తిరనాళ్లలో బలప్రదర్శన అనుకుని ఊపిరి బిగబట్టి మరీ నొక్కుతారు. అదేం అక్కర్లేదు.

ముల్లు 25 కిలోల దగ్గర ఆగిందనుకోండి. పెద్దవయసు అమ్మగారికి అది మంచి పట్టే. మూటలు మోసే కుర్రాడికైతే తక్కువ. అందుకే ముందు ఆ మనిషి రెండో చేత్తోనే పోల్చాలి. కుడిచేతి వాటం వాళ్లకు కుడిచెయ్యి సుమారు 10 శాతం బలంగా ఉండటం మామూలే.

నాకు బాగా నచ్చే పోలిక ఇంకొకటి ఉంది. చిటికెన వేలి వైపు మణికట్టు నొప్పి ఉన్నవాళ్లను అరచెయ్యి పైకి పెట్టి ఒకసారి, కిందికి తిప్పి ఒకసారి నొక్కమంటాం. ముంజేతిలో రెండు ఎముకలున్నాయి కదా. అరచెయ్యి కిందికి తిప్పి పిడికిలి బిగిస్తే, చిటికెన వేలి వైపు ఎముక కాస్త ముందుకొచ్చినట్టయి, మణికట్టులోని చిన్న ఎముకలను ఒత్తుతుంది. అక్కడ మృదులాస్థి అరిగి ఉంటే నొప్పికి పట్టు సడలుతుంది. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు అంత ఒత్తిడి ఉండదు. బాగున్న చేతిలో ఈ రెండు అంకెలూ దాదాపు సమానం. నొప్పి చేతిలో మాత్రం పైకి పెట్టినప్పటి అంకె ఎక్కువగా ఉంటే, అనుమానం అటువైపు వెళుతుంది. తేల్చాల్సింది ఎక్స్‌రే, ఎమ్మారైలే.

బొటనవేలి మొదట్లో నొప్పి వేరే కథ. అక్కడ పట్టు తగ్గినా, అసలు ఆచూకీ వేలిని వంచి చూసే పరీక్షలోనే దొరుకుతుంది.

చెయ్యి ఆనించి కిందపడి, బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి అంటే మాత్రం ఈ పరికరం జోలికి వెళ్లం. అక్కడ విరిగిన చిన్న ఎముక మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు.