నడుము కింది ఆట: మగ్సీ బోగ్స్ పనితనం

సభకు నమస్కారం. ఉక్కునగరం నుంచి, గాజువాక నుంచి, బీచ్ రోడ్డు వైపు నుంచి పిల్లలను వెంటబెట్టుకుని ఇంత పొద్దున్నే వచ్చిన తల్లిదండ్రులకు, తోటి శిక్షకులకు కృతజ్ఞతలు.

మన బాస్కెట్‌బాల్ సెలక్షన్లలో పిల్లవాడి చేతికి బంతి ఇవ్వకముందే టేపు తీసి ఎత్తు కొలుస్తారు. పదకొండేళ్ల వయసులో పొట్టిగా ఉన్న పిల్లలను ఆ టేపే వెనక్కి పంపేస్తుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. అందుకే ఈ రోజు టైరోన్ బోగ్స్ గురించి మాట్లాడదలిచాను. లోకమంతా ఆయనను మగ్సీ బోగ్స్ అంటుంది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 160 సెంటీమీటర్లు. అమెరికా బాస్కెట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో అంతకంటే పొట్టి ఆటగాడు లేడు. ఆ లీగ్‌లో 14 సీజన్లు, 889 మ్యాచ్‌లు ఆడాడు.

ఆయన పేరు చెప్పగానే అందరూ ‘పిట్ట కొంచెం కూత ఘనం’ అంటారు. దాంతో ఆయన పట్టుదలను పొగిడి ఊరుకుంటాం. ఆయన చేసిన పని ఏమిటో చూడం. పట్టుదల చాలామందికి ఉంటుంది. బోగ్స్‌కు ఉన్నది ఒక విద్య. దాన్ని విడదీసి చూడవచ్చు, నేర్చుకోవచ్చు, నేర్పవచ్చు.

ఆయన 1965 జనవరి 9న బాల్టిమోర్‌లో పుట్టాడు. లఫాయెట్ కోర్ట్స్ అనే పేదల గృహ సముదాయంలో పెరిగాడు. ఐదేళ్ల వయసులో వీధిలో జరిగిన కాల్పుల్లో తుపాకీ రవ్వలు తగిలి గాయపడ్డాడు. పన్నెండేళ్లప్పుడు తండ్రి జైలుకు వెళ్లాడు. తల్లి మధ్యలో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి, పూర్తి చేసి, ఉద్యోగం సంపాదించి ఇల్లు నడిపింది. ఆ తల్లి గురించి ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

డన్‌బార్ హైస్కూల్ జట్టులో ఆయన ఆడిన రెండేళ్లలో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 1981–82లో 29 విజయాలు, మరుసటి ఏడాది 31. ఆ జట్టులో రెజీ విలియమ్స్, డేవిడ్ వింగేట్, రెజీ లూయిస్ కూడా ఉన్నారు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 1987లో మొదటి రౌండులోనే ఆ ఒక్క బడిలో చదివిన ముగ్గురు ఎంపికయ్యారు. విలియమ్స్ 4వ స్థానంలో, బోగ్స్ 12వ స్థానంలో, లూయిస్ 22వ స్థానంలో. అంతకుముందు ఏడాదే బోగ్స్ అమెరికా జట్టుతో స్పెయిన్ వెళ్లాడు. మాడ్రిడ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో సోవియట్ యూనియన్‌ను 87–85తో ఓడించిన జట్టులో ఆయనా ఒకడు.

వాషింగ్టన్ జట్టు ఆయనను తీసుకుంది. అక్కడ సహచరుడు మనూట్ బోల్, 7 అడుగుల 7 అంగుళాల మనిషి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తీసిన ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. కానీ ఏడాది తిరక్కుండానే, 1988లో షార్లెట్ హార్నెట్స్ అనే కొత్త జట్టు ఏర్పడుతున్నప్పుడు, వాషింగ్టన్ ఆయనను అట్టిపెట్టుకోలేదు. షార్లెట్ తీసుకుంది. అక్కడ ఆయన ఇచ్చిన 5,557 అసిస్టులు, అంటే సహచరుడు బుట్టలో వేసేలా అందించిన పాస్‌లు, ఇప్పటికీ ఆ జట్టు రికార్డు.

ఇక ఆ విద్య సంగతి. పిల్లలూ, ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. రింగ్ 10 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆటంతా పైనే జరుగుతుందని అనుకుంటాం. కానీ బంతిని కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకెళ్లే పని నేల మీదే జరుగుతుంది. డ్రిబుల్, అంటే బంతిని నేలకు కొడుతూ నడిపించడం, ఎంత కిందికి ఉంటే బంతి అంత త్వరగా చేతికి తిరిగి వస్తుంది. అది చేతిని వదిలి ఉండే సమయం తగ్గుతుంది. లాక్కోవాలనుకునే ఆరున్నర అడుగుల మనిషి నడుము వంచి, మోకాళ్లు మడిచి, ఆ కొద్దిపాటి వ్యవధిలో చెయ్యి చాపాలి. చాపేలోగా బోగ్స్ పక్కనుంచి దాటిపోయేవాడు.

రక్షణలో ఆయన పద్ధతి ఇంకా గొప్పది. తనకంటే ఒక అడుగు ఎత్తున్న గార్డును, అంటే బంతిని నడిపించే ఆటగాడిని, రింగ్ దగ్గర ఆపడం కష్టమని ఆయనకు తెలుసు. అందుకే అక్కడిదాకా రానిచ్చేవాడు కాదు. 94 అడుగుల కోర్టులో బంతి లోపలికి వచ్చిన చోటే ఎదుర్కొని, వెంటపడి, మళ్లించి, వెనక్కి తిప్పించేవాడు. షాట్ వేయడానికి ఉన్న 24 సెకన్లలో కొన్ని అక్కడే ఖర్చయిపోతే ఎదుటి జట్టు తాను అనుకున్న ఎత్తుగడ మొదలుపెట్టేలోపే తొందర పడుతుంది. కబడ్డీలో కూతకు వచ్చినవాడిని బోనస్ గీత దాకా రానీయకుండా తరిమే డిఫెండర్‌ను మీరంతా చూసి ఉంటారు. దాదాపు ఆ పనే ఇది. 1,369 స్టీల్స్, అంటే ఎదుటివారి నుంచి బంతి లాక్కున్న సందర్భాలు, ఆయన పేరున ఉన్నాయి. ఆయన వల్ల ఎదుటివారు కంగారుపడి వేసిన చెడ్డ పాస్‌లు ఆయన లెక్కలోకి రావు.

మొత్తం అసిస్టులు 6,726. 1993–94 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 10కి పైగా. ఇంతకంటే నేను విలువ ఇచ్చేది టర్నోవర్లకు, అంటే బంతి ఎదుటి జట్టుకు పోగొట్టుకోవడాలు ఎంత తక్కువన్న దానికి. బంతి అంతసేపు చేతిలో ఉంచుకుని కూడా అతి తక్కువగా పోగొట్టుకున్న గార్డుల్లో ఆయన ముందు వరుసలో ఉంటాడు. మన ఊరి ఉక్కపోతలో పావుగంట ఆడితే అరచేతులు తడిసి బంతి జారుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి దూరపు షాట్లను పక్కకు తోస్తుంది. ఆరుబయట సిమెంటు కోర్టుల మీద ఆడే విశాఖ పిల్లలకు బోగ్స్ డ్రిబుల్ కంటే పనికొచ్చే పాఠం నాకు తోచదు.

ఆయనకు లొంగనివీ ఉన్నాయి. మూడు పాయింట్ల షాట్ ఎప్పుడూ ఆయన బలం కాలేదు. బ్లాకులు, అంటే ఎదుటివాడి షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడాలు, కెరీర్ మొత్తంలో 39. వాటిలో ఒకటి 1993 ఏప్రిల్‌లో ఏడడుగుల ప్యాట్రిక్ యూయింగ్ మీద చేసినది. అందరూ ఆ ఒక్కదాన్నే పదేపదే చెప్పుకుంటారు. నా దృష్టిలో ఆయన ఆటలో అది చాలా చిన్న భాగం.

ఆ ఏడాదే జరిగిన మరో సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1993 ఏప్రిల్ 29న ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల, తొలి రౌండులో షార్లెట్, బోస్టన్ జట్లు తలపడ్డాయి. షార్లెట్ తరఫున బోగ్స్, వింగేట్. బోస్టన్ తరఫున రెజీ లూయిస్. ఒకే బడిలో, ఒకే జట్టులో కలిసి ఆడిన పిల్లలు. ఆ మ్యాచ్‌లో లూయిస్ కోర్టు మీదే కుప్పకూలాడు. గుండె సమస్య. జూలై 27న ప్రాక్టీసులో మళ్లీ పడిపోయి కన్నుమూశాడు. వయసు 27. ఆ సిరీస్ షార్లెట్ గెలిచింది, ఆ జట్టుకు అది మొదటి ప్లేఆఫ్ విజయం. ఆ గెలుపు బోగ్స్‌కు ఎలా గుర్తుండిపోయి ఉంటుందో ఊహించడానికి కూడా నాకు మనసు రాదు. తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆడుతూ పిల్లవాడు కళ్లు తిరిగాయన్నా, ఛాతీలో ఏదోలా ఉందన్నా, ఆ రోజు ఆట ఆపించండి. డాక్టరుకు చూపించండి. ఫైనల్ అయినా సరే.

తర్వాత మోకాలి గాయాలు వచ్చాయి. 1995–96లో ఆరు మ్యాచ్‌లే ఆడగలిగాడు. 1997లో గోల్డెన్ స్టేట్‌కు, ఆ తర్వాత టొరంటోకు వెళ్లి, 2001లో చివరి మ్యాచ్ ఆడాడు. 2005లో షార్లెట్ మహిళల జట్టు స్టింగ్‌కు కోచ్ అయ్యాడు.

తోటి శిక్షకులను నేను అడిగేది ఇది. ఈసారి సెలక్షన్లలో టేపు చివర తీయండి. ముందు ప్రతి పిల్లవాడినీ కోర్టు పొడవునా ఒక డిఫెండర్‌ను ఎదురు పెట్టి బంతి తీసుకెళ్లమనండి. ఎన్నిసార్లు పోగొట్టుకున్నాడో రాయండి. తర్వాత అదే పిల్లవాడిని డిఫెండర్‌గా నిలబెట్టి, ఎదుటివాడు సగం గీత దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. స్కూలు స్థాయిలో మనం పాటించే అంతర్జాతీయ నియమం ప్రకారం అందుకు 8 సెకన్లే గడువు. ఆ రెండు అంకెలూ కాగితం మీదికి వచ్చాక ఎత్తు కొలవండి.

ఇప్పుడు పిల్లలు బంతులు తీసుకుని బేస్‌లైన్ మీదికి రండి. మోకాలి ఎత్తు దాటకుండా ఎడమ చేత్తో డ్రిబుల్ చేస్తూ అవతలి చివరిదాకా వెళ్లాలి. పెద్దవాళ్లు ప్రశ్నలు అడగదలిస్తే నేను ఇక్కడే ఉంటాను.