‘సర్దుకుంటే ఇంకొకరు పడతారు’ అనే మాట మీద నా కోపం

పిల్లల బృందంతో విహారయాత్రకు బయలుదేరే ప్రతిసారీ, సరిగ్గా బండి కదిలే నిమిషంలో ఒక పెద్దమనిషి కిటికీలోంచి తొంగిచూసి ఆ మాట అంటారు: “చిన్నపిల్లలే కదా, సర్దుకుంటే ఇంకొకరు పడతారు.” ఈ వీడియో అంతా ఆ ఒక్క వాక్యం గురించే.

(గుడ్ల అట్టను కెమెరా ముందుకు తెస్తూ)

దీన్ని చూడండి. 30 గుంటలు. చేతిలో 31 గుడ్లు ఉన్నాయని ఎవరైనా ఒక గుంటలో రెండు పెడతారా? ఆ ఒక్కదాన్ని విడిగా పట్టుకుంటారు. గుడ్డుకు ఇచ్చే ఆ మర్యాద పిల్లలకు ఎందుకు ఇవ్వరో నాకు అర్థం కాదు. ఒకే సీటు బెల్టులో ఇద్దరిని బిగిస్తే, గట్టిగా బ్రేకు పడగానే రెండు తలలు ఢీకొంటాయి. పైగా ఆ బెల్టు ఇద్దరిలో ఏ ఒక్కరికీ సరిగ్గా ఆనదు.

“అయితే ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను, గట్టిగా పట్టుకుంటాను” అంటారు తర్వాత. లెక్క వేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. 30 కిలోల పిల్లవాడిని ఒళ్ళోంచి జారకుండా ఆపాలంటే 400 కిలోల మూటను ఎత్తిపట్టేంత బలం కావాలి. ఎంత ప్రేమ ఉన్నా చేతులకు ఆ బలం రాదు. ఇంకోలా చెప్పాలంటే, ఆ దెబ్బ దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినంత. “మెల్లగానే వెళ్తాం” అనేవారు తలచుకునే వేగం కూడా సాధారణంగా ఈ 50 చుట్టూనే ఉంటుంది!

మళ్ళీ అట్ట దగ్గరికి వద్దాం. గుంట ఉంటే చాలదు, గుడ్డు అందులో ఇమడాలి. కోడిగుడ్ల అట్టలో పిట్టగుడ్డు పెడితే గలగలలాడుతుంది. బెల్టు కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీద కాదు. పై పట్టీ భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి. పొట్టి పిల్లలకు అది మెడకు రాసుకుంటుంది. వాళ్ళేం చేస్తారో తెలుసా? మెల్లగా దాన్ని వీపు వెనక్కి తోసేస్తారు. అద్దంలో చూస్తే బెల్టు పెట్టుకున్నట్టే ఉంటుంది. అందుకే సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు బూస్టర్ సీటు, అంటే బెల్టు సరిగ్గా ఆనేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే అదనపు సీటు, కావాలి. వయసు అడగకండి, టేపుతో కొలవండి.

ఇప్పుడు ప్రణాళిక. పన్నెండు మంది పిల్లలు, అయిదు సీట్ల కార్లు. చాలామంది డ్రైవర్లను తీసేసి మూడు కార్లు చాలంటారు. కాని ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, అది పెద్దవాళ్ళ ఒంటికి తగ్గట్టు చేసింది. పదమూడేళ్ళ లోపు పిల్లలు వెనకే కూర్చోవాలి. ముందు సీటు రెండో పెద్దవారికి. అంటే కారుకు ముగ్గురే పిల్లలు, నాలుగు కార్లు. నాలుగోది దొరకకపోతే? ముగ్గురు పిల్లలు ఆ రోజు రారు, లేదా యాత్ర తేదీ మారుతుంది. ఈ మాట చెప్పడం కష్టమని నాకూ తెలుసు.

ఇక లెక్కపెట్టడం. ఒకసారి తిరుగు ప్రయాణంలో తలలు లెక్కపెట్టాను, ఇరవై మూడు. సరిపోయింది. బండి కదలబోతుంటే మూడో వరుసలో ఒక బాబు “అంకుల్, మీరెవరు?” అన్నాడు. పక్క బృందం పిల్లవాడు. మావాడు కుళాయి దగ్గర బూట్లు కడుక్కుంటున్నాడు. అట్టలో 30 గుడ్లు ఉన్నంత మాత్రాన అవి మన గుడ్లే కావాలని లేదు! అప్పటినుంచి పేరు పిలిచి, జవాబు విని, చీటీలో గీత పెడతాను. ఆ చీటీ ప్రతి కారులోనూ ఒకటి ఉండాలి, ఆ కారులోని పిల్లల తల్లిదండ్రుల ఫోను నంబర్లు, మందుల వివరాలతో.

సమయం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. బరువైన సంచులు పైకప్పు మీద కాదు, కింద డిక్కీలో. డ్రైవరు ఫోను పక్కనున్న పెద్దవారి చేతిలో. రెండు గంటలకోసారి ఆగాలి. దిగేది రోడ్డు వైపు కాదు, కాలిబాట వైపు. కార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్ళకూడదు, గమ్యం ప్రతి డ్రైవరుకూ తెలియాలి. అందరూ దిగాక ఒకరు చివరి సీటు దాకా వెళ్ళి చూసి రావాలి. నిద్రపోయిన పిల్లలు సీట్ల మధ్యకు జారిపోతారు, ఎండలో మూసి ఉంచిన వాహనం లోపల నిమిషాల్లో విపరీతంగా వేడెక్కిపోతుంది.

శిశువుల సీట్ల సంగతి ఇంకో వీడియోలో. ఈ అట్ట వంటగదిలోకి కావాలట, రెండుసార్లు పిలిచారు.