ఆమెకు మీరేమవుతారు?

అక్క: నమస్తే. మనలాంటి ట్రాన్స్ మనుషుల కోసం ఈ వారం వీలునామా గురించి అని చెప్పాం. అంతకంటే ముందు, తమ్ముడూ, కాగితాలన్నీ పెట్టుకోమన్న ఆకుపచ్చ ఫైలు?

తమ్ముడు: మళ్ళీ ఫైలేనా అక్కా!

అక్క: మళ్ళీ అదే. కొన్నావా?

తమ్ముడు: కొన్నా. లోపల ఆధార్ జిరాక్సు ఒక్కటే ఉంది.

అక్క: వీలునామాకి తెల్లకాగితం చాలు. నువ్వు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు పెట్టాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. రాయకపోతే ఇల్లు చట్టం గుర్తించిన భార్యాభర్తలకో రక్తసంబంధీకులకో పోతుంది. బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బు వాళ్ళదైపోదు. అంతే, వీలునామా అయిపోయింది.

తమ్ముడు: అప్పుడేనా?

అక్క: నాకు చనిపోయిన మన పెద్దక్క గురించి మాట్లాడాలనుంది.

తమ్ముడు: ...మాట్లాడు.

అక్క: ఊరి నుంచి అన్నదమ్ములొచ్చారు. గాజులు రాకపోతే చేతికి సబ్బునీళ్ళు పోసి లాగారు. బొట్టు తుడిచి తెల్లపంచె కట్టారు. అంబర్‌పేట శ్మశానంలో పాత పేరుతోనే పిలిచారు. ఆమెతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి గేటు బయటే నిలబడ్డాడు.

తమ్ముడు: వాళ్ళూ ఏడ్చారు కదక్కా. నేను చూశాను.

అక్క: ఏడిస్తే పంచె కట్టొచ్చా?

తమ్ముడు: అలా అనలేదు. మా అమ్మ పదేళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు "నాన్నా" అని పిలుస్తోంది. నేను పోతే అమ్మే తల దగ్గర కూర్చోవాలి. ఇంటివాళ్ళందరినీ శత్రువుల్లా చూస్తే నాలాంటివాళ్ళేం కావాలి?

అక్క: అందరినీ అనట్లేదురా.

తమ్ముడు: అన్నావు. పోయినసారీ అన్నావు.

అక్క: సరే, అన్నాను. తప్పే. కానీ నా సంగతి చూడు. ఒకాయనతో పన్నెండేళ్ళున్నాను, ఇప్పుడు ఒకామెతో ఉన్నాను. ఇద్దరినీ మనసారా ప్రేమించాను. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఏమంది? ట్రాన్స్ మనిషి మగా ఆడా జంటగా ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్ళి చేసుకోవచ్చు. అంటే ఆయనతో అయితే భార్యని, ఈమెతో అయితే ఏమీ కాను. నేను మారలేదు కదా! మొన్న ఆస్పత్రిలో ఈమెను అడిగారు, "ఆమెకు మీరేమవుతారు?" అని. "ఫ్రెండ్" అంది. అటెండెంట్ పాస్ ఇచ్చారు, సంతకం మాత్రం పెట్టనివ్వలేదు.

తమ్ముడు: లివింగ్ విల్ రాసి ఉంటే?

అక్క: అదే ఫైలులో పెట్టమనేది! 2018లో కోర్టు ఒప్పుకుంది, 2023 జనవరిలో సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ఉంటే చాలు. కోలుకోలేని స్థితికొచ్చి మనం మాట్లాడలేకపోతే, వెంటిలేటర్ ఉంచాలా తీసేయాలా అన్నది ఎవరు చెప్పాలో వాళ్ళ పేర్లు ముందే రాసుకోవచ్చు. పోయాక ఏ చీర కట్టాలన్న సంగతి అందులో ఇమడదు. అది విడిగా రాసి మనవాళ్ళందరికీ కాపీలివ్వాలి. నాది ఆ మామిడిపిందెల అంచు గద్వాల చీర, నీకు తెలుసు.

తమ్ముడు: తెలుసు. (కాసేపు మౌనం) అక్కా, లివింగ్ విల్‌లో అమ్మ పేరూ, నాతో ఉంటున్న తన పేరూ రెండూ రాయొచ్చా?

అక్క: రాయొచ్చు. ఒకరికంటే ఎక్కువ మందిని పెట్టుకోవచ్చు.

తమ్ముడు: అయితే పెన్నివ్వు.

అక్క: ఇప్పుడా? రికార్డింగ్ నడుస్తోంది.

తమ్ముడు: నడవనీ.