ఊరేగింపులో బాకులు

శ్రోతలకు నమస్కారం.

ప్రేమ, తిరుగుబాటు కలిసిన చారిత్రక నవల రాయాలనుకునేవాళ్లకు గ్రీకు చరిత్రలో ఒక కథ దాదాపు సిద్ధంగా ఉంది. క్రీస్తుపూర్వం 514. ఏథెన్స్‌లో, బలంతో అధికారం చేజిక్కించుకున్న పిసిస్ట్రాటస్ కొడుకుల ఏలుబడి. అధికారం పెద్దవాడు హిప్పియస్‌ది. తమ్ముడు హిప్పార్కస్‌కు కవులన్నా సరదాలన్నా ఇష్టం.

ఆ ఊళ్లో హర్మోడియస్ అనే అందమైన కుర్రాడు, అతణ్ణి ప్రేమించిన అరిస్టోగీటన్ అనే మధ్యతరగతి పౌరుడు ఉండేవారు. వయసులో పెద్దవాడు యువకుణ్ణి ప్రేమించడం అప్పటి ఏథెన్స్‌లో వింత కాదు. ఆ సంగతి దాచి రాస్తే కథకు ప్రాణం ఉండదు.

హిప్పార్కస్ కూడా రెండుసార్లు హర్మోడియస్ వెంటపడ్డాడు. రెండుసార్లూ కాదనిపించుకున్నాడు. కక్ష ఎలా తీర్చుకున్నాడో చూడండి. ఒక ఊరేగింపులో బుట్ట పట్టుకుని నడవడానికి హర్మోడియస్ సోదరిని రమ్మన్నారు. తీరా వచ్చాక, అసలు నిన్ను పిలవనే లేదు, నీకా అర్హత లేదంటూ వెనక్కి పంపేశారు. మంచి కుటుంబాల కన్యలకు దక్కే గౌరవం అది. నలుగురిలో ఆ పిల్ల పరువు, ఇంటి పరువు ఒక్క మాటతో తీసేశారన్నమాట. పోనీ ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చెయ్యాలి? వాడి అన్నకే కదా!

ఆ పాలకులను కూలదోయాలని కుట్ర పన్ని, ఇద్దరూ పనాథెనయా దాకా, అంటే అథీనా దేవతకు ఊరేగింపుతో జరిపే పండుగ దాకా, ఆగారు. పౌరులు ఆయుధాలతో గుమిగూడినా అనుమానం రానిది ఆ రోజే. కుట్రలో ఉన్నది కొద్దిమందే. తీరా ఆ రోజు తమవాడొకడు హిప్పియస్‌తో చనువుగా మాట్లాడుతూ కనిపించాడు. ఇక టెన్షన్! గుట్టు బయటపడిందనుకున్నారు. పట్టుబడేలోగా, అవమానించినవాణ్ణయినా చంపుదామని పరుగెత్తి హిప్పార్కస్‌ను పొడిచేశారు. కాపలాదారుల చేతిలో హర్మోడియస్ అక్కడికక్కడే చనిపోయాడు. అరిస్టోగీటన్ జనంలో కలిసిపోయినా తర్వాత దొరికాడు.

కబురు తెలిసినా హిప్పియస్ మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఆయుధాలు వదిలి ఫలానా చోటికి రండని ఊరేగింపులో ఉన్నవాళ్లకు చెప్పాడు. ఏదో మాట్లాడతాడనుకుని వాళ్లు వెళ్లారు. ఈలోగా ఆయుధాలు తీయించేసి, బాకు దాచుకున్న ప్రతివాణ్ణీ పట్టుకున్నాడు. ఇలాంటి సన్నివేశం కల్పించమన్నా కల్పించలేం.

ఆ తర్వాత పాలన మరింత క్రూరమైంది. 510లో హిప్పియస్‌ను వెళ్లగొట్టింది నిజానికి స్పార్టా సైన్యం. అయినా ఏథెన్స్ ఈ ఇద్దరికే విగ్రహాలు నిలబెట్టింది, విందుల్లో వాళ్ల మీద పాటలు పాడుకుంది, వారసులకు ప్రజల ఖర్చుతో భోజనం పెట్టింది. చరిత్రకారుడు థూసిడైడిస్ మాత్రం ఒప్పుకోలేదు. ఇది ప్రేమ వ్యవహారంలోంచి పుట్టిన పని, చచ్చినవాడు పాలకుడే కాదు అన్నాడు. ఆయన చెప్పిన వివరాలు నమ్ముతాను కానీ ఆ తీర్పు నాకు నచ్చదు. పాలకుడి తమ్ముడు కాబట్టే కదా, ఒక పిల్లను అంత ధీమాగా అవమానించగలిగాడు! అది రాజకీయం కాకపోతే మరేమిటి? ఆ అమ్మాయి పేరైనా ఆయన రాయలేదు. నవలాకారుడికి చేతినిండా పని అక్కడుంది.

నవలను హత్యతో ముగించాలనిపిస్తుంది. నేనైతే 490 దాకా లాగుతాను. ముసలివాడైన హిప్పియస్, ఏథెన్స్ మీదికి వచ్చిన పర్షియా సైన్యానికి దారి చూపుతూ, ఆ దగ్గర్లోని మారథాన్‌లో దిగాడు. అక్కడ తుమ్ములూ దగ్గూ ముంచుకొచ్చి అతని పన్ను ఊడి ఇసుకలో పడిందని మరో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఎంత వెతికినా దొరకలేదట. ఈ నేలలో నాకు రావలసిన వాటా ఆ పన్నే తీసేసుకుందని పక్కవాళ్లతో వాపోయాడట.