ఫోన్-ఇన్: సంస్థల్లో నెట్‌వర్క్ కేబుళ్ల ఏర్పాటు

వ్యాఖ్యాత: విశాఖపట్నం శ్రోతలకు నమస్కారం. కార్యాలయాల్లో, పాఠశాలల్లో నెట్‌వర్క్ కేబుళ్ల ఏర్పాటుపై మీ సందేహాలకు మన ఇంజనీరు గారు సమాధానాలిస్తారు. గాజువాక నుంచి మొదటి శ్రోత, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మాది మూడంతస్తుల పాఠశాల. పోయిన వేసవి సెలవుల్లో కేబుళ్లు వేయించాము. అదే నెలలో మా అమ్మాయి పెళ్లి ఉండడంతో నేను దగ్గరుండి చూసుకోలేకపోయాను. గేటు దగ్గరి కెమెరా పగలంతా చక్కగా పనిచేస్తుంది, చీకటి పడగానే ఆగిపోయి, మళ్లీ మొదలవుతూ ఉంటుంది. ఇప్పటికి రెండు కెమెరాలు మార్చాము. ఇంకా ఖరీదైనది కొనమంటారా?

నిపుణుడు: కొనకండి. కెమెరాకు విద్యుత్తు విడిగా ఇచ్చారా, నెట్‌వర్క్ కేబుల్‌లోనే పంపుతున్నారా?

శ్రోత: అదే కేబుల్‌లోనండీ. దూరం 80 మీటర్లు ఉంటుంది.

నిపుణుడు: చీకటి పడగానే కెమెరాలోని పరారుణ దీపాలు వెలిగి, విద్యుత్తు వాడకం పెరుగుతుంది. తీగ నాసిరకమైతే దారిలోనే వోల్టేజీ పడిపోయి, కెమెరా ఆగిపోతుంది. మీరు కేబుల్ చివర ఒక తీగను బ్లేడుతో గీరి చూడండి. పైన ఎర్రగా ఉండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం రాగి కంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ప్రమాణాలు దాన్ని అనుమతించవు. 305 మీటర్ల కేబుల్ ఉండే పెట్టెను చేత్తో ఎత్తినా తేలికగా ఉండడం తెలిసిపోతుంది.

శ్రోత: పని పూర్తయినప్పుడు వాళ్లు చిన్న పరికరం తగిలించి, ఎనిమిది దీపాలూ వెలిగాయని చూపించారండీ.

నిపుణుడు: ఎనిమిది తీగలూ వరుస తప్పకుండా కలిశాయని మాత్రమే ఆ దీపాలు చెబుతాయి. సంకేతం ఎంత బలహీనపడుతోంది, ఒక జత తీగల నుంచి మరో జతకు ఎంత చొరబడుతోంది, నిరోధం ఎంత ఉంది అన్నవి కొలిచే యంత్రం వేరు. కేబుల్ చేరే ప్రతి పాయింటుకూ ఆ యంత్రమిచ్చిన నివేదిక చేతికి రానిదే ఆఖరి బిల్లు చెల్లించకండి.

శ్రోత: అయితే కొంచెం పెద్ద కంపెనీ కెమెరా పెడితే...

నిపుణుడు: అయ్యా, రెండోసారి చెబుతున్నాను, లోపం కేబుల్‌లో ఉన్నంతకాలం ఏ కెమెరా పెట్టినా ఇదే జరుగుతుంది. మంచి రాగి కేబుల్ వేయించండి, మీ డబ్బు వృథా కావడం నాకు బాధగా ఉంది.

శ్రోత: అలాగేనండీ. మైదానం అవతల కొత్త భవనం కడుతున్నాము, 130 మీటర్ల దూరం. స్తంభాల మీదుగా ఇదే రకం మంచి కేబుల్ లాగవచ్చా?

నిపుణుడు: వద్దు. రాగి కేబుల్‌కు గోడలో స్థిరంగా ఉండేది 90 మీటర్లు, రెండు చివరల తగిలించే తీగలతో కలిపి 100 మీటర్లు, అంతే హద్దు. పైగా రెండు భవనాల మధ్య రాగి ఉంటే పిడుగు పడినప్పుడు రెండువైపులా నెట్‌వర్క్ స్విచ్‌లు, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెలు, కాలిపోయే ప్రమాదముంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు స్తంభాల మీది తీగలు ఏమయ్యాయో మన ఊరివారికి చెప్పనక్కరలేదు. భూమిలో పైపు వేసి, ఫైబర్, అంటే కాంతితో సంకేతాలు పంపే గాజు తంతువుల కేబుల్, లాగించండి. గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే లోపలి పైపులూ వేయించండి, లేకపోతే తరువాత గోడలు కొట్టించుకోవలసి వస్తుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. మధురవాడ శ్రోత.

శ్రోత: మా కార్యాలయానికి క్యాట్ 6 రకం కేబుల్ చాలునా, క్యాట్ 6ఎ రకం కావాలా?

నిపుణుడు: సెకనుకు ఒక గిగాబిట్ చాలనుకుంటే క్యాట్ 6 సరిపోతుంది. పది గిగాబిట్లయితే క్యాట్ 6 మహా అయితే 55 మీటర్ల వరకే, 6ఎ 100 మీటర్ల వరకూ పనిచేస్తుంది. వై-ఫై పరికరాలుండే చోట్లకు మాత్రం 6ఎ వేయించండి. ఏది వేసినా నివేదిక లేనిదే బిల్లు...

వ్యాఖ్యాత: సరేనండీ. సీతమ్మధార నుంచి మరో శ్రోత, క్లుప్తంగా అడగండి.

శ్రోత: కరెంటు తీగలున్న పైపులో ఖాళీ ఉంది, అందులోనే ఈ కేబుల్ వేస్తామంటున్నారండీ.

నిపుణుడు: ఒప్పుకోకండమ్మా. అది ప్రాణాలకే ప్రమాదం. వేరే పైపు, దూరంగా వేయించండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించమనండి. ప్రతి కేబుల్‌కూ రెండు చివరలా ఒకే నంబరు రాయించి, అవే నంబర్లతో...

వ్యాఖ్యాత: నివేదిక కూడా తీసుకోవాలి. సమయం అయిపోయిందండీ. ధన్యవాదాలు, నమస్కారం.